పుట్టింటికెళ్ళిన ఇసుక

ఆవిడ పోయిన పదకొండో రోజున మా ఊరి వేలం షెడ్డులో సంతాపసభ పెట్టారు. మైకు తెచ్చారు. సర్పంచి మాట్లాడాడు. పడవల సంఘం పెద్ద మాట్లాడాడు. కాకినాడ నుంచి కారులో వచ్చిన ఒకాయన, ఆవిడను జన్మలో రెండుసార్లు కూడా చూసి ఉండడు, పావుగంట మాట్లాడాడు. ఎదురింట్లో ఉండి ఆవిడను రోజూ చూసిన నేను లేచి నిలబడేసరికి, "టైమైపోయిందండీ, భోజనాలు చల్లారిపోతున్నాయి" అని మైకు కట్టేశారు. ఇది కొత్తేమీ కాదు. సముద్రం గురించి మా ఊళ్ళో ఎన్ని మీటింగులు జరిగాయో అన్నిటికీ నేను వెళ్ళాను. ఏ ఒక్కదానిలోనూ నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు.

మర్నాడు పేపర్లో ఆవిడ గురించి నాలుగు ముక్కలు వేశారు. పేరు తప్పు. ఊరు పక్కవాళ్ళది. "ప్రత్యామ్నాయ స్థలాన్ని మొండిగా తిరస్కరించి, చివరి వరకు రోడ్డు మీదే చేపలు ఎండబెట్టిన వృద్ధురాలు" అని రాశారు. ఆ పూటే సవరణ రాసి పంపాను. వేయలేదు. ఫోన్ చేస్తే చోటు లేదన్నారు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ పేరు మాత్రం రాయను. సరైన పేరు కావలసినవాళ్ళు వచ్చి నన్ను అడగాలి. అడిగితే చెబుతాను. ముందుగా ఆ "మొండిగా" అన్న మాట సంగతి తేలాలి.

ఆవిడది ఎండుచేపల వ్యాపారం. నెత్తళ్ళు, కవళ్ళు, సావడాయలు. పడవ రాగానే వేలంలో తట్టలకు తట్టలు పాడుకుని, ఒడ్డునే ఇసుకలో ఆరబోసి, ఎండాక పెద్దాపురం వైపు సంతలకు పట్టుకెళ్ళేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఇంజను పడవంత. ఎండలో కూర్చుని కూర్చుని ముఖం మీద చర్మం నిగనిగలాడేది. ఆ ఎండలోనే తనకు మాత్రం ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ వేయించుకునేది. మిగిలిన ఆడవాళ్ళంతా ఇసుకలో కూర్చుంటే తను కుర్చీలో కూర్చోవడం ఏమిటని ఎవరో అడిగితే, "నా నడుం నా ఇష్టం" అంది.

చేప బాగా ఎండిందో లేదో కొనేవాడికి చూపించే పద్ధతి ఒకటి ఉండేది. ఒక నెత్తళ్ళ చేపను తీసి, మన చెవి దగ్గర పెట్టి విరిచేది. టక్కుమని విరగాలి. "ఇన్నారా? అదీ చేపంటే" అనేది. నాకు రెండు చెవులూ బాగానే వినిపిస్తాయని ఎన్నిసార్లు చెప్పినా చెవిలో పెట్టే విరిచేది. పొలుసు చెవిలో పడేది.

కొసరు వేసే తీరు ఇంకా గొప్ప. తూకం అయ్యాక గుప్పిట నిండా చేపలు తీసి, చెయ్యి పైకెత్తి, నలుగురూ చూశారని తేల్చుకున్నాక సంచిలో పోసేది. ఆ తరువాత "ఉండండుండండి, ఇందులో ఓటి మెత్తగా ఉన్నట్టుంది" అని సంచిలో చెయ్యి పెట్టి సగం వెనక్కి తీసేది. మెత్తగా ఉన్నది ఎప్పుడూ పెద్ద చేపే. మా చర్చి పాస్టరుగారి భార్య విషయంలో మాత్రం ఈ రెండో భాగం ఉండేది కాదు. ఈ తేడా ఎందుకని నేను సూటిగానే అడిగాను.

"ఆవిడగారు నా కోసం ప్రార్థన సేత్తారండి. తవరేం సేత్తారు? కాయితాలు రాత్తారు" అంది.

నేను హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. వీధి దీపాల గురించి, కుళాయిలో ఉప్పునీటి గురించి, సముద్రం కోత గురించి అర్జీలు పెట్టడం నాకు అలవాటు. ఆ రోజు నుంచి నేను "కాయితాల బాబుగారు" అయిపోయాను. ఊరంతా అదే పిలుపు.

చేపలకు కాకుల బెడద ఎక్కువ. ఆవిడ కాకులకు ఊళ్ళో పెద్దమనుషుల పేర్లు పెట్టుకుంది. కుంటుతూ వచ్చేది పడవల సంఘం పెద్ద. ఎవరూ చూడనప్పుడు వచ్చి పెద్ద చేపను ఎత్తుకుపోయేది సర్పంచి. "అదిగో సర్పంచొచ్చేడు, కర్రియ్యండే!" అని కేకేసేది. అందరికంటే ఎక్కువ అరిచి, ఏదీ ఎత్తుకుపోలేని కాకి ఒకటి ఉండేదట. దానికి ఎవరి పేరు పెట్టిందో నాకు ఆవిడ కోడలే చెప్పింది. నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు.

ఇక ఇసుక సంగతి. ఇది సరిగ్గా తెలియకపోవడం వల్లే ఇంత గొడవ.

మా ఒడ్డున చేపలు ఆరబోసే ఇసుకకు పట్టాలు లేవు, రాళ్ళు పాతలేదు. కానీ ప్రతి ఆడమనిషికీ ఒక వంతు ఉండేది. నీటి అంచు నుంచి పైకి సరుగుడు చెట్ల దాకా ఒక పట్టీలాగా. ఎవరి వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాత తట్ట ఒకటి బోర్లించి, ఎగిరిపోకుండా మీద బరువు పెడితే అదే హద్దు. ఈ వంతు అత్త నుంచి కోడలికి వస్తుంది. కొడుకులకు దానితో సంబంధం లేదు. ఒక్కటే కట్టుబాటు: ఒకామె తన వంతు వదిలి వేరే చోట స్థిరంగా ఆరబోసుకోవడం మొదలుపెట్టిందంటే, ఇసుకలో ఆమె వంతు పోయినట్టే. పక్కామె కలుపుకోవచ్చు. తిరిగొచ్చి అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఈ కట్టుబాటు తప్పినవాళ్ళను నేను చూడలేదు.

తుఫానుల కాలంలో సముద్రం పోటెత్తి ఆ ఇసుకను కోసుకుపోయేది. చలికాలం వెళ్ళేసరికి మళ్ళీ తెచ్చి పోసేది. కొన్నేళ్ళు ఎక్కువ, కొన్నేళ్ళు తక్కువ, తేవడం మాత్రం తప్పలేదు. ఇసుక పోయినప్పుడు ఆవిడ కంగారుపడేది కాదు. "పుట్టింటికెల్లింది. మాఘమాసానికి వచ్చేత్తాది" అనేది. అప్పటిదాకా ఇళ్ళ ముందు, అరుగుల మీద కాస్తో కూస్తో ఆరబోసుకునేవాళ్ళు. మాఘం రాగానే కొత్త ఇసుక మీద తట్ట బోర్లించి, చెప్పులు విడిచి, ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వచ్చేది. ఆ తరువాతే కుర్చీ వేయించుకునేది.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి ముందు వరస ఇళ్ళను పట్టుకుపోయింది. మాఘం వచ్చింది. ఇసుక రాలేదు. ఆ మరుసటి ఏడు ఉన్న కాస్తా పోయింది. సరుగుడు చెట్లు వేళ్ళతో సహా నీళ్ళలో పడ్డాయి. బీచ్ రోడ్డును కాపాడడానికి లారీలతో బండరాళ్ళు తెచ్చి పోశారు. ఇప్పుడు అల వచ్చి రాయికి కొట్టుకుంటుంది. మధ్యలో ఇసుక అన్న మాటే లేదు.

ఆడవాళ్ళంతా చేపలను రోడ్డు మీదికి తెచ్చారు. ఇసుకలో ఎవరి పక్కన ఎవరు ఉండేవాళ్ళో రోడ్డు మీద కూడా అదే వరసలో కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే అయింది. ఆవిడ నీలం కుర్చీ కూడా తన వంతుకు ఎదురుగా, రోడ్డు అంచునే పడింది. ఒకరోజు కాకినాడ బస్సు ఆగింది. నేను అందులోనే ఉన్నాను. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి తల బయటపెట్టాడు.

"ఏంటమ్మా, రోడ్డేమైనా మీ అత్తగారిచ్చిందా?"

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. సముద్రం వైపు చెయ్యి చూపించింది.

"మా అత్తిచ్చింది అదిగో, ఆ నీళ్ళల్లో ఉంది నాయనా. నువ్వు బస్సు అటు పోనియ్యి, నేనిక్కణ్ణించి లేత్తాను."

బస్సులో అందరూ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి, ఒక పక్క చక్రాలు మట్టిలో దింపి, చేపలు తొక్కకుండా పోనిచ్చాడు. ఆ బస్సు దిగాక నేను డ్రైవరును మెచ్చుకున్నాను. అతను నా మాట పట్టించుకోలేదు.

ఒకసారి బ్యానరు కట్టుకుని ఒక బృందం వచ్చింది. వాతావరణ మార్పు మీద అవగాహన అన్నారు. భూమి వేడెక్కుతోందని, సముద్రం పెరుగుతోందని, తుఫానులు ఇంకా గట్టిగా వస్తాయని ఓపికగా చెప్పారు. వాళ్ళు చెప్పింది నిజమే, నేను కాదనను. నేనే అర్జీల్లో ఎప్పటి నుంచో రాస్తున్నాను. ఆవిడ అంతా విని, "మారిందంటే ఒప్పుకుంటామండి. మల్లీ ఎప్పుడు మారతాది?" అని అడిగింది. వాళ్ళు ఆవిడ ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. నేను పక్కనే ఉన్నాను. నన్ను కాస్త జరగమన్నారు.

ఆ తరువాతే గట్ల మీటింగు. ఊరికి లోపల, రొయ్యల చెరువుల పక్కన, చేపలు ఎండబెట్టడానికి సిమెంటు గట్లు కడుతున్నామని, మనిషికి ఒకటి చొప్పున ఇస్తామని ఒక అధికారి వేలం షెడ్డుకు వచ్చి చెప్పాడు. ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆవిడ లేచింది.

"అయ్యా, ఒక్క మాట. నేను గట్టు తీసుకున్నాకా ఇసక తిరిగొచ్చిందనుకోండి. నా వంతు నాకుంటాదా?"

"ఇసుక ప్రభుత్వానిదమ్మా. అందులో వంతులేంటి?"

"అయితే నాకొద్దండి."

అంతే. ఆవిడ వద్దన్నది గట్టును కాదు. అత్త చేతి నుంచి తీసుకుని కోడలి చేతిలో పెట్టవలసిన దాన్ని వదులుకోవడం వద్దంది. గట్టెక్కితే ఇసుక పోతుంది. ఇసుక వస్తుందని ఆవిడ నమ్మకం. ఎందుకు నమ్మకూడదు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వస్తూనే ఉంది. ఆ లెక్కలో పొరపాటు ఉందని ఇప్పుడు మనకు తెలుసు. ఆ రోజు ఆ అధికారికి కూడా తెలిసి ఉండాలి. తెలిస్తే చెప్పాలి కదా. "అమ్మా, ఇక ఇసుక రాదు" అన్న ఒక్క మాట ఆయన అనలేదు. అంటే ఎందుకు రాదో, ఇన్నాళ్ళూ ఏం చేశారో కూడా చెప్పాల్సి వస్తుంది. వంతులేంటి అని మాత్రం అన్నాడు.

నేను లేచి, ఆవిడకు నచ్చచెప్పాలని, "గట్టు తీసుకో తల్లీ, ఇసుక సంగతి నేను అర్జీ పెడతాను" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "తవరికి నెల తిరిగేసరికి పింఛనొత్తాది బాబూ. నాకు మాఘం తిరిగేసరికి ఇసకొత్తాది. తవరు కూకోండి."

షెడ్డంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది ఆ అధికారి. నేను కూర్చున్నాను. నా మాట అక్కడితో ఆగిపోయింది. రికార్డులో "నిరాకరించారు" అని ఒక్క ముక్క రాసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

ఆ ఏడంతా నేను ఆవిడ దగ్గర కొనలేదు. వేరే ఆమె దగ్గర కొన్నాను. అవి మెత్తగా ఉండేవి, విరిస్తే చప్పుడయ్యేది కాదు. అయినా కొన్నాను. నేను సంచి పట్టుకుని పోతుంటే ఆవిడ కుర్చీలోంచి, "కాయితాల బాబుగారూ, అలకింకా తీరలేదాండీ? ఆ చేపలు నమలక్కర్లేదు, మింగెయ్యొచ్చు" అని కేకేసేది. నేను తల తిప్పేవాణ్ణి కాదు.

మాఘాలు వచ్చాయి, పోయాయి. ప్రతి మాఘానికీ ఆవిడ బండరాళ్ళ మీదికి ఎక్కి నిలబడి చూసేది. రాళ్ళ మీద తన వంతుకు ఎదురుగా తట్ట బోర్లించి వచ్చేది. పోటు వచ్చి దాన్ని పట్టుకుపోయేది. రోడ్డు కూడా నిలవలేదు. ఒక చోట సగానికి కోసుకుపోయింది, మిగిలిన చోట చేపలు పోస్తే పోలీసులు లేపేవాళ్ళు. గట్లు తీసుకున్నవాళ్ళు గట్ల దగ్గరికి వెళ్ళిపోయారు. వరసలో ఆవిడ ఒక్కతే మిగిలింది. దానికి తోడు వానలు. ఎండ కాయాల్సిన నెలల్లో అల్పపీడనాలు. పొద్దున ఆరబోసినవి మధ్యాహ్నానికి తడిసి, మూడో రోజుకు పురుగు పట్టేవి. అలాంటి సరుకును కోళ్ళ మేతకు కొనే లారీ ఒకటి వచ్చేది. మొదటిసారి ఆ లారీకి పోసిన రోజున ఆవిడ వీధి మధ్యలో నిలబడి ఎవరినీ ఉద్దేశించకుండా, "నా సేప కోళ్ళకా! పెద్దాపురం సంతలో నా సేప కోసం కాసుక్కూకునేవోరు, అలాంటి నా సేప కోళ్ళకా!" అని అరిచింది. ఆ రోజు కాకులను కూడా తోలలేదు.

తరువాత వారం ఆవిడ మా అరుగెక్కింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. వెనకాల కోడలు నిలబడింది. నేను పేపరు చదువుతున్నట్టు ఉండిపోయాను.

"పేపరు దించండి బాబూ. పొరపాటు నాదే" అంది ఆవిడ. గొంతు ఏమీ తగ్గించలేదు, వీధి చివరి దాకా వినిపించేలాగానే అంది. "ఇసక ఇంక రాదు. నేను వత్తాదనుకున్నాను. నా సంగతొదిలెయ్యండి, నాకు ఇయ్యాలో రేపో. దీనికి ఓ గట్టిప్పించాలి. ఆపీసుకెల్దారి రండి. నేనే సెప్తాను, తవరు పక్కనుండండి సాలు."

"అత్తా, ఆయన్ని బతిమాలాల్సిన పనేంటి?" అంది కోడలు.

"నువ్వూరుకోయే. ఆ కాకి ఎంతరిచినా ఇల్లొదిలి పోదు. అలాటోడే కావాలి."

కాకి మాట నా ఎదురుగానే అంది. అయినా వెళ్ళాను.

కాకినాడ ఆఫీసులో అదే అధికారి ఉన్నాడు. ఆవిడకు కుర్చీ చూపించాడు. నాకు చూపించలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చిన పని చెప్పింది. ఆయన కంప్యూటర్లో చూసి, "మీరే వద్దన్నారని రికార్డులో ఉందమ్మా" అన్నాడు.

"ఉంటాదండి. అన్నాను, కాదనను" అంది. "మా అత్తకి ఇసకొచ్చింది. ఆవిడత్తకీ వచ్చింది. నా కాడికొచ్చేసరికి రాలేదు. అందులో నా తప్పెంతో, ఎవరి తప్పెంతో తవరు సూసుకోండి. నా కోడలికి మాత్రం సోటు సూపించండి."

"గట్లన్నీ ఇచ్చేశామమ్మా. కొత్తవి కావాలంటే పైకి రాయాలి."

"మా పక్కామె తన దాంట్లో సగం ఇత్తానందండి."

"అలా కుదరదు. ఒకరి గట్టు ఇంకొకరు వాడకూడదు. పైకి రాస్తాను. సమాధానం వస్తుంది."

"ఎప్పుడండి?"

"వస్తుందమ్మా."

"సెప్పండి, ఎప్పటికి?"

"వస్తుందన్నాను కదమ్మా."

నేను గోడ దగ్గర నుంచి నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తరువాతి మనిషిని రమ్మన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కవాళ్ళు చూసేలాగా నవ్వింది. ఏంటని అడిగాను.

"ఈయన కూడా నాలాటోడే బాబూ" అంది. "వత్తాది, వత్తాది అంటన్నాడు."

ఆవిడను గురించి మైకులో చెప్పాల్సింది ఇదే. తన లెక్క తప్పిందని తెలిశాక, తప్పిందని నలుగురి ముందూ చెప్పడానికి ఆవిడకు ఒక్క వారం పట్టింది. దాన్ని మొండితనం అనరు. తప్పిన లెక్కను పట్టుకుని ఇప్పటికీ కూర్చున్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు ఎండలో కూర్చునే పని కూడా లేదు.

ఆ వానలు వెలిశాక జ్వరం వచ్చి ఆవిడ పోయింది. కోడలు ఇప్పుడు ఇంటి రేకుల మీద ఆరబోస్తోంది. రేకుల మీద ఆరేది తట్టలో సగం కూడా కాదు. మిగిలింది పచ్చిగానే, అడిగిన రేటుకు ఇచ్చేస్తోంది. ఈ పని వదిలేసి రొయ్యల ఫ్యాక్టరీకి పోనా అని నా భార్యను అడిగింది. పోతే, అత్త తరువాత కోడలుగా చేతులు మారుతూ వచ్చిన పని ఆ ఇంట్లో ఆమెతోనే ఆగిపోతుంది.

అందుకని ఆ అధికారిగారిని అడుగుతున్నాను. తమరు బదిలీ అయితే ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్నవారిని అడుగుతున్నాను. "నిరాకరించారు" అన్న మాట కొట్టేస్తారా, లేదా? పక్కామె సగం గట్టు ఇస్తానంటే అడ్డు చెప్పడం ఆపుతారా, లేదా? పైకి రాస్తానన్నారు. రాశారా? ఆవిడ తన సమాధానం తమరి ముఖం మీదే చెప్పి వెళ్ళింది. తమరిది ఇంకా రాలేదు. పేపర్లో ఆవిడను మొండిది అన్నారు, అది తప్పు. మొండివాణ్ణి నేను. రేపు పొద్దున పడవలు వస్తాయి. ఆ కోడలు నెత్తిన తట్ట పెట్టుకుని ఒడ్డున నిలబడుతుంది. దాన్ని ఎక్కడ దించాలో చెప్పండి.